మాస్టారు వదిలేసిన వాక్యాలు

నా నోటికి తాళం పడితే బాగుండునని మా అత్తగారు చాలాసార్లు అనుకుని ఉంటారు. నోరా వీపుకు తేకే అన్న సామెత ఆవిడ నాకు పెళ్లయిన కొత్తలోనే వినిపించారు. నేను తెలుగు టీచర్ని. ఆ నోటితోనే నెలనెలా జీతం తెచ్చుకునేదాన్ని కాబట్టి ఆవిడ మాట పెద్దగా పట్టించుకోలేదు. చివరికి ఆ తాళం పడింది. పాపం, చూడటానికి అప్పటికి ఆవిడ లేరు.

కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్లు ఎక్కడైనా కలిస్తే, మీ సర్వీసులో మరిచిపోలేని రోజేదండీ అని అడుగుతుంటారు. ఇన్‌స్పెక్షన్ గురించో, నూటికి నూరు శాతం ఫలితాల గురించో చెబుతానని వాళ్ల ఆశ. నాకు మాత్రం ఒక పదవీ విరమణ సభ గుర్తొస్తుంది. అది నా సభ కూడా కాదు.

అప్పట్లో పెదపాడు దాటి కొల్లేటి వైపు వెళ్లే దారిలో ఒక హైస్కూల్లో పనిచేసేదాన్ని. ఇల్లు ఏలూరులో. పొద్దున్నే బస్సు, బస్సు దిగాక షేర్ ఆటో. ఆటోకి అటూ ఇటూ చేపల చెరువులే. ఒకరోజు ఆ చెరువుల మీంచి వచ్చిన గాలి నా కుడి చెంపకి తగిలింది. ప్లగ్గులో వేలు పెట్టినట్టు చెవి దగ్గర్నించి పెదవి దాకా జిల్లుమని లాగింది. క్షణంలో వచ్చి క్షణంలో పోయింది. పక్కన కూర్చున్నావిడ చేపల బుట్ట సర్దుకుంటూ, ఏంటండీ కరెంటు కొట్టినట్టు అదిరిపడ్డారు అంది. నా జబ్బును మొదటిరోజే సరిగ్గా చెప్పింది ఆవిడే. మేమెవరం వినిపించుకోలేదు.

మేమంతా పన్ను నొప్పి అనుకున్నాం. స్టాఫ్‌రూంలో ఎంతమంది ఉంటే అన్ని వైద్యాలు. లవంగం నమలమన్నారు, జామాకు నమలమన్నారు, ఉప్పునీళ్లు పుక్కిలించమన్నారు. నమిలితే మళ్లీ షాకు. తాడేపల్లిగూడెంలో మా అక్క ఉంటుంది. తనకు బాగా తెలిసిన పళ్ల డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన ఎక్స్‌రే తీసి, చిన్న సుత్తిలాంటిదానితో తట్టి చూసి, పన్ను శుభ్రంగా ఉందండీ, తీయాల్సిన పనిలేదండీ అన్నారు. నొప్పి నాదా మీదా అని అడిగాను. పట్టుబట్టి తీయించుకున్నాను. నొప్పి తగ్గలేదు. అయితే పక్క పన్ను అయ్యుంటుందని మళ్లీ వెళ్లాను. ఆయన మళ్లీ వద్దన్నారు, నేను మళ్లీ వాదించి గెలిచాను. వాదనలో గెలిచి రెండు మంచి పళ్లు పోగొట్టుకున్నదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను. మూడోసారి ఆయన చేతులు జోడించి, ఇది నరం జబ్బేమో ఏలూరులో చూపించుకోండమ్మా, నన్ను వదిలేయండి అన్నారు.

ఏలూరులో నరాల డాక్టరు చిన్నవాడు. మా పాత విద్యార్థుల వయసు ఉంటుంది. స్కానింగు తీయించి చూసి, ముఖానికి వచ్చే నరాన్ని లోపల ఒక రక్తనాళం ఒరుసుకుంటోందని చెప్పాడు. గాలికి కరెంటు తీగలు రాసుకుంటే మెరుపులొస్తాయి చూడండి, అలాగన్నమాట అన్నాడు. పళ్లతో సంబంధం లేదట. మూర్ఛకి వాడే మాత్రే దీనికీ వాడతారట. మాత్రతో లొంగకపోతే ఆపరేషన్. చెవి వెనక చిన్న కన్నం చేసి, నరానికీ నాళానికీ మధ్య మెత్తటి ముక్కొకటి పెడతారు. విజయవాడలో చేస్తారు. చాలామందికి నయమవుతుంది. కొందరికి ఆ వైపు చెవి పోవచ్చు, చెంప మొద్దుబారొచ్చు, అరుదుగా అంతకంటే పెద్ద ప్రమాదం కూడా జరగొచ్చు. చేయించుకోమంటావా అని అడిగాను.

"ఇది ప్రాణం మీదికొచ్చే జబ్బు కాదండీ. అందుకే నేను చెప్పలేను. ఎంతవరకు ఓర్చుకోగలరో మీకే తెలియాలండీ" అన్నాడు.

ఆ మాటకి నాకు ఒళ్లు మండింది. డాక్టరన్నాక చెప్పాలి కదా. చేయించుకోమనో, వద్దనో ఒకటి చెబితే ఆ డాక్టర్ని తిట్టుకుంటూ బతికేదాన్ని. నిర్ణయం నా చేతిలో పెట్టి తిట్టుకునే అవకాశం కూడా లేకుండా చేశాడు.

మావారు బ్యాంకులో పనిచేసేవారు. మితభాషి. మా ఇంట్లో మాటల కోటా మొత్తం నేనే వాడేదాన్ని. ఆరోజు ఆస్పత్రి నుంచి వచ్చి, చొక్కా కూడా మార్చుకోకుండా కుర్చీలో కూర్చుని, చాలాసేపటికి నోరు తెరిచారు.

"నువ్వు మాట్లాడకపోయినా ఫరవాలేదు. ఉంటే చాలు."

మా కాపురంలో ఆయన నాతో అన్న ప్రేమమాటలు ఏరితే గుప్పెడు కూడా ఉండవు. ఇది ఆ గుప్పెట్లోది. దీన్ని కాదని తల కోయించుకోవడానికి ఎలా వెళ్తాను? అదీగాక, ఆపరేషన్ అనగానే చుట్టుపక్కల వాళ్లందరికీ ఆపరేషన్ వికటించిన చుట్టం ఒకరు గుర్తొచ్చారు. నయమైన చుట్టం ఒక్కరికీ గుర్తు రాలేదు. సరే, మాత్రలతోనే నెట్టుకొద్దాం అనుకున్నాను. అలా నెట్టుకొచ్చింది రెండేళ్లు.

మాత్ర వేసుకుంటే నొప్పి కొంత తగ్గేది. దానితోపాటు బుర్ర కూడా తగ్గేది. ఏదో రాద్దామని బోర్డు దగ్గరికి వెళ్లి ఏం రాయాలో మరిచిపోయేదాన్ని. ఏళ్ల తరబడి రాగం తీసి చెప్పిన పద్యం మూడో పాదంలో ఆగిపోయేది. మోతాదు తగ్గిస్తే మళ్లీ షాకులు. మాట్లాడితే షాకు, పెదవి పెదవి కలిస్తే షాకు. పూర్వం పండితులు పెదవులు తగలకుండా పద్యం చెప్పడం గొప్ప విద్య అనుకునేవారు. వాళ్లు సరదాకి చేసిన పని నాకు బతుకుతెరువయింది. పొద్దున్న ముఖం కడుక్కోవాలంటే భయం, అన్నం నమలాలంటే భయం. ఇవన్నీ ఎవరికీ కనబడవు. చెంప మీద వాపుండదు, కట్టుండదు. చూసేవాళ్లకి శాలువా చుట్టుకున్న మనిషి కనబడుతుంది, అంతే.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా విషయంలో నోరు మూతపడ్డాకే ఊరు ఎంత మంచిదో తెలిసింది. ఏప్రిల్లో ఒక వారం మా స్టాఫ్‌రూంలో ఫ్యాను తిరగలేదు. కరెంటు కోత కాబోలు అనుకున్నాను. తర్వాత ఒకరోజు కిటికీలోంచి చూస్తే ఫ్యాను బ్రహ్మాండంగా తిరుగుతోంది. నేను గుమ్మంలో అడుగుపెట్టేలోగా ఎవరో లేచి స్విచ్ ఆపేశారు. నా చెంపకి గాలి తగలకూడదని అంతమందీ చెమటలు కక్కుతూ కూర్చుంటున్నారన్నమాట. మధ్యాహ్న భోజనం వండే ఆవిడ నాకోసం అన్నం మెత్తగా మెదిపి, చారు పోసి, తాగేలా చేసి గ్లాసులో ఇచ్చేది.

వీళ్లందరిలోకీ సోషల్ మాస్టారు వేరు. నాకంటే మూడేళ్లు పెద్ద. కొల్లేటి ఒడ్డున పుట్టి, అక్కడే పెరిగిన మనిషి. ఆయన నోట గట్టిమాట వచ్చి ఎవరూ ఎరగరు. పిల్లవాణ్ణి తిట్టాల్సి వచ్చినా, ఏవండీ బాబూ, ఇలా అయితే ఎలాగండీ అనేవారు. నా సంగతి తెలిశాక ఒకరోజు నా క్లాసు గుమ్మంలో నిలబడి, "నాకు ఈ పీరియడ్ ఖాళీయేనండి. మీరు బోర్డు మీద రాయండి, నేను చదువుతాను" అన్నారు. ఆ రోజుకి సాయం అనుకున్నాను. మర్నాడూ వచ్చారు. ఆ మర్నాడూ వచ్చారు. తన ఖాళీ పీరియడ్లన్నీ నా క్లాసులు ఉండే వేళకి మార్చమని హెడ్మాస్టరు గారిని అడిగారని చాలా రోజులకు తెలిసింది.

మాస్టారికి గుణం ఉంది గాని గొంతు లేదు. పద్యాన్ని ఆయన రైల్వే స్టేషన్లో అనౌన్సుమెంటు చదివినట్టు చదివేవారు. పిల్లలు నవ్వేవారు. నాకు ప్రాణం ఉసూరుమనేది. పద్యంలో సరస్సు వర్ణన వస్తే మరీ కష్టం. తామరలూ తుమ్మెదలూ పక్కకు పోయి కొల్లేరు వచ్చేది. గూడబాతులు ఎక్కడ గూళ్లు పెడతాయో, చెరువు గట్లు వేశాక నీళ్లు ఎటు పోవాలో తెలియక ఎవరి పొలాల్లోకి పోతున్నాయో అంతా చెప్పేవారు. నేను బోర్డు మీద డస్టరుతో టకటకా కొట్టేదాన్ని. అయ్యో, వచ్చేస్తున్నానండీ, వచ్చేస్తున్నాను అంటూ మళ్లీ పద్యంలోకి వచ్చేవారు. అయితే ఆ ఏడాది తెలుగులో మా పిల్లలంతా గట్టెక్కారు. కొల్లేరు గురించి కూడా వాళ్లకి బాగా తెలిసింది.

రాను రాను అది ఎంత అలవాటయిందంటే, నా చేతిలో కాగితం కనబడితే చాలు, ఆయన చెయ్యి చాచేవారు. స్టాఫ్ మీటింగులో నా అభిప్రాయం రాసిస్తే ఆయన చదివేవారు. తల్లిదండ్రుల సమావేశంలోనూ అంతే. నేను లేవడం, ఆయన లేవడం, కాగితం చేతులు మారడం. పిల్లలకే కాదు, మాకూ అందులో వింత కనిపించడం మానేసింది. ఆపరేషన్ మాట నేను మరిచిపోయాను. మరిచిపోవడం కూడా కాదు, అవసరం తప్పించుకున్నాను. అందరూ ఇంత చక్కగా సర్దుకుపోతుంటే నాకు మాత్రం తొందరేముంది?

అలా ఉండగా మాస్టారి పదవీ విరమణ వచ్చింది.

మా జిల్లాలో పదవీ విరమణ సభంటే షామియానా, శాలువా, పూలదండ, ఫ్రేము కట్టిన సన్మానపత్రం. ఆ పత్రం తెలుగు టీచరే రాయాలి, తెలుగు టీచరే చదవాలి. ఇది ఏ జీవోలోనూ లేదు గాని జీవో కంటే గట్టి రూలు. నిజం చెప్పొద్దూ, నా దగ్గర ఒక పాత పత్రం ఉండేది. మృదుభాషి, స్నేహశీలి, విద్యార్థుల పాలిటి కల్పవృక్షం. పేరు మారిస్తే ఎవరికైనా సరిపోయేది. ఊళ్లో అందరూ జడిసే హెడ్మాస్టరొకాయన్ని కూడా దానితోనే మృదుభాషిని చేసి సాగనంపాను. మాస్టారికి మాత్రం ఆ పత్రం ముట్టుకోబుద్ధి కాలేదు. ఒక సీసపద్యం, కింద నాలుగు పేరాలు కొత్తగా రాశాను. రాస్తుంటే అక్షరాలు అలుక్కుపోయాయి. మాత్ర వల్లనో, కళ్లలో నీళ్ల వల్లనో చెప్పలేను. హిందీ పండితుల వారు చదివేట్టు ముందే మాట్లాడుకున్నాం.

సభ రోజున పాత విద్యార్థులు కొల్లేటి ఊళ్ల నుంచి ట్రాక్టర్లలో వచ్చారు. పక్కనే నేను కూర్చున్నందువల్ల వేదిక మీద కూలర్ ఆపేశారు. శాలువాలు కప్పించుకుంటున్న మాస్టారు చెమటతో తడిసిపోయారు. మైకు పట్టుకున్నది డ్రిల్లు మాస్టారు. ఇన్నేళ్లుగా ప్రతి సభలోనూ చెప్పినట్టే గుక్క తిప్పుకోకుండా, ఇప్పుడు తెలుగు టీచరు గారు సన్మానపత్రం చదువుతారు అని చెప్పేశారు. ఇన్నేళ్లుగా లేచినట్టే నేను ఫ్రేము పట్టుకుని లేచాను. రెండేళ్లుగా లేస్తున్నట్టే మాస్టారు లేచి చెయ్యి చాచారు. నేను ఇచ్చేశాను. ఆయన కళ్లజోడు సర్దుకుని చదవడం మొదలుపెట్టారు.

పద్యం రెండు పాదాలు నడిచేదాకా ఎవరికీ తట్టలేదు. మూడో పాదంలో తన పేరు వచ్చింది. ఆయన ఆగిపోయారు. ఫ్రేములోకి చూశారు, నావైపు చూశారు. షామియానా అంతా గొల్లున నవ్వింది. డ్రిల్లు మాస్టారు నాలుక కరుచుకుని మైకు కోసం పరుగెత్తుకొచ్చేసరికి, కానివ్వండి మాస్టారూ, మీరే చదవండి అని పాత విద్యార్థులు ఒకటే గోల. పాపం, ఎవరి మాటా కాదనలేని మనిషి కదా. చదివారు. తన పుట్టిన ఊరు, చదివిన బడి, పనిచేసిన చోట్లు చక్కగా చదివారు. అసలు మాట వచ్చేసరికి మెల్లగా నవ్వి,

"మా టీచరు గారికి నా మీద కాస్త అభిమానం ఎక్కువండీ. ఈ ముక్క వదిలేద్దామండీ" అన్నారు.

తర్వాతి పేరా కూడా వదిలేశారు. ఆఖరి పేరా చూపులతోనే చదువుకుని, కళ్లజోడు తీసి తుడుచుకుని, శుభం అనేశారు. అంతా చప్పట్లు కొట్టారు. హెడ్మాస్టరు గారు ఆ ఫ్రేము ఆయన దగ్గర్నించి తీసుకుని, ఫోటోకోసం మళ్లీ ఆయనకే ఇచ్చారు.

నేను లేచాను. ఆ వాక్యాలు ఆయన వదిలేయాల్సినవి కావు, నేను చెప్పాల్సినవి. ఒక్కటైనా చెప్పాలని మైకు దగ్గరికి వెళ్లి నోరు తెరిచాను. షాకు ఎంత గట్టిగా కొట్టిందంటే మైకు స్టాండు పట్టుకుని నిలబడిపోయాను. ఒకటి తగ్గేలోగా ఇంకొకటి. మాస్టారే పరుగున వచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. మీరేం చెప్పాలనుకున్నారో నాకు తెలుసండీ, శ్రమ పడకండి అన్నారు. ఆయనకి తెలియడం వేరు. ట్రాక్టర్లెక్కి వచ్చిన ఆ జనానికి, ఆయన భార్యకి, ఆయన ముందు నా నోటితో చెప్పడం వేరు. మనిషికి దక్కాల్సిన మాట ఆయన చేతే మింగించాను. ఇంటికి వెళ్తూ దారంతా ఏడ్చాను. ఏడిస్తే కూడా నొప్పే.

ఆ సాయంత్రం మావారు వరండాలో పేపరు చదువుతున్నారు. ఎదురుగా కూర్చుని, కుడి చెంప అరచేత్తో గట్టిగా అదిమిపట్టుకుని చెప్పాను.

"నాకు ఉంటే చాలదండీ."

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు. రెండేళ్ల కిందట తను అన్న మాటకి ఇది జవాబని అర్థమైంది. విజయవాడ ఎప్పుడు వెళ్దాం అని మాత్రం అడిగారు. చెవి పోతే అనిగాని, ఇంకేదైనా అయితే అనిగాని అనలేదు. ఆయన్ని అంత ప్రేమించిన రోజు ఇంకొకటి లేదు.

ఆపరేషన్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, నేను నిద్రపోయాను కాబట్టి. మెలకువ వచ్చాక మొదట భయంభయంగా చెంప మీద వేలు పెట్టుకున్నాను. ఏమీ లేదు. నర్సు నీళ్లు ఇచ్చింది, తాగాను. ఏమీ లేదు. పెదవులు కలిపి, విడదీసి, మళ్లీ కలిపి చూసుకున్నాను. కుడివైపున ఎవరో నిలబడి ఉన్నట్టు అనిపించి తల తిప్పితే, సర్జన్ గారు నాతో మాట్లాడుతున్నారు. ఎప్పటి నుంచి మాట్లాడుతున్నారో. కుడి చెవి పోయింది. కొంత తిరిగి రావచ్చన్నారు గాని రాలేదు.

అందుకని, నాలాంటి నొప్పి ఉన్నవాళ్లెవరైనా వచ్చి ఆపరేషన్ చేయించుకోమంటారా అని అడిగితే ఆ చిన్న డాక్టరు చెప్పిన మాటే చెబుతున్నాను. అప్పుడు ఒళ్లు మండిన మాటే. మాత్రలతో హాయిగా వెళ్లదీస్తున్నవాళ్లు నాకు తెలుసు, వాళ్లు చేసింది తెలివితక్కువ పని కాదు. ఎంత ఓర్చుకోగలను అని మాత్రమే నేను రెండేళ్లు లెక్క చూసుకున్నాను. దేనికోసం ఓర్చుకుంటున్నాను అన్నది ఆ సభలో గాని తట్టలేదు. కొత్తగా చేరిన మీకు నేను చెప్పగలిగిందల్లా, స్టాఫ్‌రూంలో ఫ్యాను ఆపే మనుషులు దొరికితే వాళ్లని వదులుకోకండి. వాళ్ల మంచితనం చాటున దాక్కోకండి కూడా.

కుట్లు మానగానే మాస్టారి ఇంటికి వెళ్లాం. ఆయన చెరువు గట్టు దాకా ఎదురొచ్చారు. నేను మాస్టారూ బాగున్నారా అని గట్టిగా అనేసరికి, నిలబడ్డచోటే నిలబడి, ఇంకోసారి అనండి అన్నారు. ఇంట్లో హాలు గోడకి పెద్ద క్యాలెండరు వేలాడుతోంది. నేను చుట్టూ చూస్తుంటే ఆయన భార్య నవ్వి, ఆ క్యాలెండరు పైకెత్తి చూపించారు. దాని వెనక నా సన్మానపత్రం. వచ్చినవాళ్లు చదువుతారని సిగ్గండీ ఆయనకి, నేనూ సరిగ్గా చదవలేదు, చదవనివ్వరు అన్నారావిడ.

ఫ్రేము దించాను. మావారినీ ఆవిడనీ ఎదురుగా కూర్చోమన్నాను. మాస్టారు తప్పించుకునే దారి లేక కుర్చీ లాక్కుని నా పక్కన, కుడివైపు కూర్చున్నారు. రెండేళ్ల తర్వాత పద్యం ఎత్తుకున్నాను. గొంతు మొదట బొంగురుపోయింది, రెండో పాదానికి దారికొచ్చింది. రాగం తీశాను. పేరాల్లోకి వచ్చాను. ఆయన వదిలేసినవన్నీ ఒక్కటి కూడా వదలకుండా చదివాను. ఆఖరి పేరాలో ఉన్నది ఇది: 'నా నోరు మూతపడిన రెండేళ్లలో నా తరగతి ఒక్కరోజు కూడా మూతపడలేదు. ఆ పిల్లలు తెలుగు చదివింది నా దగ్గరే, విన్నది మాత్రం ఈయన గొంతులో. నేను ఇంకా టీచరుగా మిగిలానంటే అది ఈయన పెట్టిన భిక్ష.'

చదవడం పూర్తయ్యాక తలెత్తితే ఆయన భార్య కళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నారు.

"చదువుతున్నంతసేపూ 'ఇక చాలండీ, అది వదిలేయండీ' అని ఆయన బతిమాలుతూనే ఉన్నారండీ. మీరు ఒక్కసారైనా ఆగలేదు."

నాకు వినబడలేదండీ అన్నాను. మాస్టారూ, ఆవిడా నమ్మలేదు. కొంగు తప్పించి చెవి వెనక మచ్చ చూపించి, ఈ వైపు ఇక వినబడదండీ అని చెప్పాను. మాస్టారు ఆ మచ్చకేసి చూశారు. తర్వాత లేచి, తన కుర్చీ తనే మోసుకుని, నా వెనకగా చుట్టూ తిరిగి వచ్చి ఎడమవైపు వేసుకుని కూర్చున్నారు.

"అయితే ఇంకోసారి చదవండి టీచరు గారూ. ఈసారి అడ్డు రానండి" అన్నారు.

పద్యం మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాను.